దమ్ము పెరిగేది ఎక్కడ?

తొడకు వెలుపలి వైపు, మోకాలికి జానెడు పైన, చేత్తో తడిమితే గట్టిగా తగిలే కండ ఒకటుంటుంది. మెట్లెక్కినా, సైకిల్ తొక్కినా ముందుగా బరువు మోసేది అదే. రోజూ పరుగెత్తేవాళ్ల కండరం లోపల ఏం జరుగుతుందో ఇవాళ తెలిసిందంటే, అందులో చాలా భాగం ఈ ఒక్క కండ చెప్పిన సాక్ష్యమే. సాక్ష్యం రాబట్టే పద్ధతి వినడానికి కాస్త మొరటుగానే ఉంటుంది. చర్మానికి మత్తు సూది వేసి అర సెంటీమీటరు గాటు పెడతారు. పెన్సిల్ కన్నా కొంచెం సన్నగా ఉండే బోలు సూదిని ఆ గాటులోంచి కండలోకి దించుతారు. సూది పక్కన చిన్న కిటికీ ఉంటుంది. కండ అందులోకి ఉబికి రాగానే లోపలి గొట్టపు కత్తిని ఒక్క నొక్కు నొక్కుతారు. మత్తు చర్మం వరకే పనిచేస్తుంది కాబట్టి ఆ క్షణాన పిక్క పట్టేసినట్టు ఒక బరువు తెలుస్తుంది. బయటికి వచ్చే ముక్క బియ్యపు గింజంత, మహా అయితే శనగ గింజంత. దాన్ని వెంటనే ద్రవ నైట్రోజన్‌లో ముంచి గడ్డకట్టిస్తారు, లేదా మైక్రోస్కోపు కోసం రసాయనంలో వేసి ఉంచుతారు.

ఈ సూది మూలరూపం 19వ శతాబ్దపు ఫ్రెంచి వైద్యుడు డ్యూషెన్‌ది. 1962లో స్టాక్‌హోమ్‌లో యోనాస్ బెర్గ్‌స్ట్రోమ్ దాన్ని మళ్లీ వాడుకలోకి తెచ్చారు. అప్పటిదాకా ఆరోగ్యంగా ఉన్న మనిషి కండరాన్ని చూడాలంటే ఆపరేషన్ బల్ల ఎక్కించాల్సిందే. ఈ సూది వచ్చాక పరుగు ముందు ఒక ముక్క, పరుగు తర్వాత ఒక ముక్క, రెండు నెలల సాధన తర్వాత ఇంకొక ముక్క తీయడం సాధ్యమైంది.

ఆ ముక్కను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెడితే ముందుగా కనిపించేవి కండను ముడిచే పోగులు. మగ్గం మీద పడుగు దారాల్లా పక్కపక్కనే బారులు తీరి ఉంటాయి. వాటి సందుల్లోనూ, కణం పొర అడుగునా ముదురు మచ్చలు. అవే మైటోకాండ్రియా. తిన్న తిండినీ పీల్చిన ఆక్సిజన్‌నూ కలిపి కండరానికి కావలసిన శక్తిని తయారుచేసేవి ఇవి. 1898లో జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ బెండా, గ్రీకులో దారం, గింజ అనే అర్థాలున్న రెండు మాటలు కలిపి ఈ పేరు పెట్టారు. పాఠ్యపుస్తకాల్లో దీన్ని చిక్కుడు గింజలా గీస్తారు గానీ, కండరం విషయంలో ఆ బొమ్మ పక్కదారి పట్టిస్తుంది. కండను ఒక్క చోట అడ్డంగా కోసి చూస్తే గింజల్లాగే ఉంటాయి. వరుసగా కోసిన పలుచటి పొరలన్నీ పేర్చి చూస్తే మాత్రం చాలా గింజలు ఒకదానికొకటి అతుక్కున్న గొట్టాలని, ఆ గొట్టాలు పోగుల చుట్టూ వలలా అల్లుకున్నాయని తేలింది. బెండా పెట్టిన పేరులో దారమే ముందుంది.

వీటి సంఖ్య తేడా ఎలా ఉంటుందో వంటింట్లోనే తెలుస్తుంది. కోడిని కోసినప్పుడు తొడ మాంసం ఎర్రగా, రొమ్ము మాంసం తెల్లగా ఉంటుంది. కోడి రోజంతా నడుస్తుంది, ఎగిరేది ఎప్పుడో ఒక్క గంతు. ఎంతో దూరం ఎగిరే పావురానికి రొమ్ము కండే ముదురు ఎరుపు. ఎక్కువ సేపు ఆగకుండా పనిచేసే కండలో ఆక్సిజన్‌ను పట్టి ఉంచే మయోగ్లోబిన్, మైటోకాండ్రియా రెండూ దట్టంగా ఉంటాయి. మనిషి కండలో ఈ రెండు రకాల పోగులూ కలిసే ఉంటాయి. మెల్లగా ముడుచుకుని త్వరగా అలసిపోనివి కొన్ని, చురుగ్గా ముడుచుకుని త్వరగా అలసిపోయేవి కొన్ని. కసరత్తు అలవాటు లేని మనిషి తొడకండలో మైటోకాండ్రియా ఆక్రమించే చోటు సుమారు నూటికి నాలుగైదు వంతులు. ఏళ్ల తరబడి దూరపు పరుగులు తీసేవారిలో అది రెట్టింపుకు చేరువవుతుంది. 1973లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో హాన్స్ హోపెలర్ బృందం సాధన ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ పోల్చి, కండముక్కల ఫోటోల మీద గళ్లు వేసి ఒక్కొక్క మచ్చనూ లెక్కగట్టి ఈ తేడాను చూపింది.

ఈ చోటు పెరిగితే మనిషికి ఒరిగేదేమిటో తెలియాలంటే, కండకు శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు సంగతి తెలియాలి. ఇక్కడ కథ భీమవరం మీదుగా నడుస్తుంది. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, మద్రాసులో వైద్యం చదివి అమెరికాలోని హార్వర్డ్ చేరుకున్నారు. అక్కడ సైరస్ ఫిస్కేతో కలిసి, రక్తంలోనూ కండలోనూ ఫాస్ఫరస్ ఎంతుందో నీలిరంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ప్రయోగశాలల్లో తరాల తరబడి నిలిచిన పద్ధతి అది. ఆ కొలతలోనే ఒక చిక్కు ఎదురైంది. కండరం నుంచి తీసిన ద్రవంలో నీలిరంగు ఒక్కసారిగా రాక నెమ్మదిగా చిక్కబడుతూ పోయింది. ఏదో పదార్థం ఫాస్ఫరస్‌ను పట్టుకుని కొద్దికొద్దిగా వదులుతోందని అర్థం. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో దాన్ని, 1929లో ఏటీపీని ఇద్దరూ కండరంలో గుర్తించారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుగొన్నారు. సుబ్బారావు పేరు చెప్పగానే తెలుగువారికి మందులు గుర్తుకొస్తాయి. కండరం ఎలా నడుస్తుందన్న శాస్త్రానికి పునాదిరాయి వేసినవారిలోనూ ఆయన ఒకరన్నది అంతగా ప్రచారం కాలేదు.

ఏటీపీ చేతిఖర్చు డబ్బు లాంటిది. కండపోగు ఒక్కసారి ముడుచుకోవాలన్నా ఏటీపీ తెగాలి. తెగినప్పుడు మిగిలేది ఏడీపీ. కండలో నిల్వ ఉండే ఏటీపీ గట్టిగా పరుగెడితే కొన్ని సెకన్లకు మించి రాదు. ఫాస్ఫోక్రియాటిన్ ఇంకో పది సెకన్లదాకా ఆదుకుంటుంది. ఆపైన ఎప్పటికప్పుడు కొత్తగా తయారుచేసుకోవలసిందే. అందుకు రెండు దారులున్నాయి. చక్కెరను ఆక్సిజన్ లేకుండానే గబగబా విరగ్గొట్టడం ఒకటి. వేగం ఎక్కువ, గిట్టుబాటు తక్కువ, పైగా లాక్టేట్ పేరుకుంటుంది. రెండోది మైటోకాండ్రియా దారి. అక్కడ చక్కెర, కొవ్వు రెండూ కాలతాయి. ఆ మంట నుంచి వచ్చిన శక్తితో లోపలి పొరకు ఒక పక్కన ప్రోటాన్లు పోగుపడతాయి. ఆనకట్ట వెనక నీళ్లు నిలిచినట్టు నిలిచి, ఒక ఎంజైమ్ తూము గుండా అవతలికి దూకుతూ దాన్ని గిరగిరా తిప్పుతాయి. ఆ తిరుగుడులో ఏడీపీ మళ్లీ ఏటీపీ అవుతుంది. ఈ సంగతి ఊహించిన పీటర్ మిచెల్‌ను మొదట్లో చాలామంది నమ్మలేదు. 1978లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

రోజూ పరుగెడితే దమ్ము పెరుగుతుందని మనుషులకు ఎప్పుడూ తెలుసు. ఆ పెరిగేది గుండెలోనూ ఊపిరితిత్తుల్లోనూ అనే 1960ల దాకా ఎక్కువమంది అనుకున్నారు. 1967లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జాన్ హోలోజీ ఎలుకలను ట్రెడ్‌మిల్ మీద వారానికి ఐదు రోజుల చొప్పున 12 వారాలు పరుగెత్తించారు. పరుగును కొద్దికొద్దిగా పెంచుతూ రోజుకు రెండు గంటల దాకా తీసుకెళ్లారు. ఆ తర్వాత వాటి కాలి కండను పరీక్షిస్తే మైటోకాండ్రియా ప్రొటీన్ దాదాపు 60 శాతం పెరిగింది. ఆక్సిజన్‌తో ఇంధనాన్ని కాల్చే ఎంజైమ్‌ల చురుకు ఇంచుమించు రెట్టింపైంది. అంతకుముందు కొందరు ఇలాంటి ప్రయోగాలు చేసి ఏ మార్పూ లేదన్నారు. వాళ్లు ఎలుకలను రోజుకు కొద్దిసేపు ఈత కొట్టించి ఊరుకున్నారు. పని చాలనప్పుడు కండ మారాల్సిన అవసరమే రాలేదు.

1970ల తొలి ఏళ్లలో ఫిలిప్ గోల్నిక్, బెంట్ సాల్టిన్ లాంటివారు మనుషుల్లోనూ ఇదే చూపారు. ఆ కాలపు ప్రయోగాల్లో అన్నిటికన్నా సొగసైనది ఒంటికాలి సాధన. మనిషి కుర్చీలో కూర్చుని ఒకే కాలితో సైకిల్ తొక్కుతాడు. రెండో కాలు ఊరికే ఉంటుంది. ఇలా వారాల పాటు సాగుతుంది. రెండు కాళ్లకూ గుండె ఒకటే, ఊపిరి ఒకటే, రక్తంలో తిరిగే హార్మోన్లూ తిన్న తిండీ ఒకటే. సాధన వల్ల వచ్చే మార్పు గుండెదే అయితే రెండు కాళ్లూ సమానంగా బాగుపడాలి. సూది ముక్కలు వేరే మాట చెప్పాయి. ఎంజైమ్‌లు పెరిగింది తొక్కిన కాలిలోనే.

1977లో స్వీడన్‌లో యాన్ హెన్రిక్సన్ ఇంకొక అడుగు వేశారు. ఒంటికాలి సాధన అయ్యాక అదే మనుషుల చేత రెండు కాళ్లతోనూ సైకిల్ తొక్కించి, ఒక్కో కాలి నుంచి తిరిగి వచ్చే రక్తాన్ని విడివిడిగా తీసి చూశారు. ఒకే మనిషి, ఒకే గంట, అయినా సాధన ఉన్న కాలు కొవ్వును ఎక్కువగా కాల్చింది, లాక్టేట్‌ను తక్కువగా వదిలింది. ఇన్నేళ్లయినా, మార్పు కండలోనే ఉందనడానికి ఇంతకన్నా సూటి రుజువు దొరకడం కష్టం.

కొవ్వు ఎక్కువగా ఎందుకు కాలుతుంది? హోలోజీ ఇచ్చిన వివరణ ఇప్పటికీ నిలిచే ఉంది. కొండ ఎక్కడానికి నిమిషానికి ఇంత ఆక్సిజన్ కావాలనుకుంటే, సాధన ఉన్నా లేకపోయినా ఆ లెక్క ఇంచుమించు ఒకటే. ఆ పనిని పంచుకునే చేతులే వేరు. వందమంది చేసే కోత పనికి రెండువందల మంది దిగితే ఒక్కొక్కరి మీదా ఒత్తిడి సగమవుతుంది. కండలో ఆ ఒత్తిడికి గుర్తు ఏడీపీ. మైటోకాండ్రియా తక్కువగా ఉన్న కండలో, కావలసినంత ఏటీపీ తయారు కావాలంటే ఏడీపీ బాగా పేరుకుని వాటిని తరమాలి. పేరుకున్న ఆ ఏడీపీ, దానితో పాటు వచ్చే ఇతర సంకేతాలు చక్కెర దారినీ అదిలిస్తాయి. కండలో చక్కెర నిల్వగా ఉండే గ్లైకోజెన్ మండిపోతుంది, లాక్టేట్ పెరుగుతుంది, పిక్కలు బరువెక్కుతాయి. మైటోకాండ్రియా ఎక్కువగా ఉన్న కండలో కాస్తంత ఏడీపీ చాలు. చక్కెర దారి నెమ్మదిగా సాగుతుంది, కొవ్వుకు వంతు వస్తుంది.

ఇది దూరపు పరుగుల్లో గెలుపోటముల దాకా వెళ్లే లెక్క. మనిషి కండల్లో దాచుకునే గ్లైకోజెన్ నాలుగైదు వందల గ్రాములు, కాలేయంలో ఇంకో వంద. కొవ్వు మాత్రం బక్కపలచటి మనిషిలోనూ కిలోల లెక్కన ఉంటుంది. మారథాన్‌లో 30 కిలోమీటర్లు దాటాక కాళ్లు ఒక్కసారిగా మొరాయించడం గ్లైకోజెన్ అడుగంటడం వల్లే. అంతదాకా దాన్ని పొదుపుగా వాడుకోగలిగిన కండే చివరి పది కిలోమీటర్లూ నిలబడుతుంది. సాధన ఉన్నవాళ్ల కండలో మైటోకాండ్రియాను ఆనుకుని చిన్న చిన్న కొవ్వు బిందువులు కూడా పెరుగుతాయి. మధుమేహం ఉన్న స్థూలకాయుల కండల్లోనూ ఇలాంటి కొవ్వే కనిపించడం పరిశోధకులను చాలాకాలం తికమకపెట్టింది. ఒకచోట అది రోజూ వాడి మళ్లీ నింపుకునే నిల్వ, మరోచోట కదలని నిల్వ.

ఒక్క నిమిషంలో ఒళ్లు వాడుకోగల ఆక్సిజన్‌కు పైహద్దు ఎక్కువగా గుండె పంపగల రక్తాన్ని బట్టే ఉంటుంది. కండలో మైటోకాండ్రియా సామర్థ్యం సాధారణంగా అంతకన్నా మిగులే. అంటే మైటోకాండ్రియా పెరగడం వల్ల కప్పు పెద్దగా ఎత్తు పెరగదు, కప్పుకు దగ్గరగా ఎంతసేపు నిలవగలరన్నది పెరుగుతుంది. సాధనతో కండపోగుల చుట్టూ సన్నటి రక్తనాళాలు కూడా కొత్తగా పుడతాయి కాబట్టి, వచ్చిన రక్తం కండలో మరికాస్త సేపు ఆగి ఆక్సిజన్ ఇచ్చి పోతుంది.

కండ పని చేసిందన్న కబురు మైటోకాండ్రియా పుట్టుక దాకా ఎలా చేరుతుందో తెలియడానికి ఇంకో ముప్పై ఏళ్లు పట్టింది. పోగు ముడుచుకున్నప్పుడల్లా కణంలోకి కాల్షియం విడుదలవుతుంది. ఏటీపీ ఖర్చయ్యే కొద్దీ ఏఎంపీ అనే మరో అణువు పెరుగుతుంది. ఈ రెండు సంకేతాలనూ పసిగట్టే ఎంజైమ్‌లున్నాయి. అవి మేల్కొల్పే ప్రధానమైన ప్రొటీన్ పీజీసీ-1 ఆల్ఫా. దీన్ని 1998లో అమెరికాలో బ్రూస్ స్పీగల్‌మన్ ప్రయోగశాల కనుగొంది. వెతికింది కండలో కాదు, చలికి ఒంటిని వెచ్చబరిచే గోధుమరంగు కొవ్వులో. తర్వాత అదే ప్రొటీన్ కండలోనూ పనిచేస్తుందని తేలింది. అది స్వయంగా డీఎన్ఏను పట్టుకోదు. పట్టుకునే ప్రొటీన్ల పక్కన చేరి, మైటోకాండ్రియాకు కావలసిన జన్యువులను ఒక్కసారిగా పనిలోకి దించుతుంది.

ఆ జన్యువులు రెండు చోట్ల ఉండటం ఒక విచిత్రం. మైటోకాండ్రియాకు సొంత డీఎన్ఏ ఉంది. గుండ్రటి ఆ పోగులో 16,569 జతల అక్షరాలున్నాయి. 1981లో కేంబ్రిడ్జ్‌లో దాన్ని పూర్తిగా చదివారు. అందులో 37 జన్యువులున్నాయి, ప్రొటీన్లకు సూత్రం ఇచ్చేవి 13 మాత్రమే. మిగిలిన వెయ్యికి పైగా ప్రొటీన్లకు సూత్రాలు కణ కేంద్రకంలో ఉంటాయి. అక్కడ రాసి, బయట తయారై, ఒక్కొక్కటిగా లోపలికి చేరాలి. కేంద్రకం నుంచి వచ్చే ఒక ప్రొటీన్ మైటోకాండ్రియా డీఎన్ఏను పట్టుకుని దాన్నీ పనిలోకి దింపుతుంది. ఈ రెండు చోట్లా పని జతకలిస్తేనే కొత్త భాగాలు కుదురుకుంటాయి. ఇక్కడ కొత్త మైటోకాండ్రియన్ శూన్యం నుంచి పుట్టదు. ఉన్న వలకే కొత్త ప్రొటీన్లు, కొత్త పొరలు చేరి అది పెరుగుతుంది, తర్వాత చీలుతుంది.

ఒక్క రోజు పరుగుకు వచ్చే స్పందన కొన్ని గంటలదే. పీజీసీ-1 ఆల్ఫాకు సంబంధించిన ఆర్ఎన్ఏ పరుగు ముగిసిన కొద్ది గంటల్లో ఎన్నో రెట్లు పెరిగి, మర్నాటికి మామూలు స్థితికి దిగుతుంది. దాని ఆధారంగా తయారైన ప్రొటీన్ మాత్రం ఇంకొన్నాళ్లు ఉంటుంది. అది పూర్తిగా అరిగిపోకముందే మరో పరుగు వస్తే పాతదాని మీద కొత్తది చేరుతుంది. అడుగున చిన్న చిల్లి ఉన్న కుండలో రోజూ ఒక చెంబు పోసినట్టన్నమాట. హోలోజీ బృందం ఎలుకల కండలో సైటోక్రోమ్-సి అనే ప్రొటీన్ సగానికి తగ్గడానికి సుమారు వారం పడుతుందని లెక్కగట్టింది. చిల్లి ఆ పాటిది. అందుకే ఏడెనిమిది రోజులకే పెరుగుదల కొలతకు అందుతుంది, నాలుగైదు వారాలకు పోసేదీ కారేదీ సమానమై మట్టం నిలిచిపోతుంది. మట్టం ఇంకా పెరగాలంటే చెంబు పెద్దది కావాలి.

చెంబు పెద్దది చేయడానికి దూరం పెంచాలా, వేగం పెంచాలా అన్నది పాత తగవు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ గిబాలా బృందం 2006లో ప్రకటించిన ప్రయోగంలో ఒక జట్టు రోజుకు గంటన్నర నుంచి రెండు గంటలు తీరిగ్గా సైకిల్ తొక్కింది. రెండో జట్టు 30 సెకన్ల పాటు ప్రాణం పెట్టి తొక్కి, నాలుగు నిమిషాలు ఆగి, మళ్లీ తొక్కింది. అలా నాలుగు నుంచి ఆరు సార్లు. రెండు వారాల్లో ఆరు రోజుల సాధన. మొదటి జట్టు వెచ్చించిన కాలం పదిన్నర గంటలు, రెండో జట్టు విశ్రాంతితో కలిపి రెండున్నర గంటలు. తొడకండలో ఎంజైమ్‌ల పెరుగుదల రెండు జట్లలోనూ ఇంచుమించు ఒకటే. నెమ్మది పరుగులో సగం నిద్రలో ఉండే చురుకు పోగులు కూడా తీవ్రమైన పనిలో కదలాల్సి రావడం ఇందుకు ఒక కారణం. ఆ 30 సెకన్లు అందరికీ పనికొచ్చే మందు మాత్రం కాదు. తొక్కినవాళ్లు సీటు మీంచి దిగలేక కూలబడే పని అది, గుండెజబ్బు ఉన్నవాళ్లు తలపెట్టకూడనిది.

ఒట్టి బరువులెత్తే సాధన వేరే దారి పడుతుంది. అక్కడ ముడుచుకునే పోగులే లావెక్కుతాయి, మైటోకాండ్రియా ఆ వేగంతో పెరగక కండలో వాటి వాటా పలచబడినా పలచబడవచ్చు.

సంఖ్యతో పాటు నాణ్యత కూడా మారుతుంది. మైటోకాండ్రియన్ లోపలి పొర కుచ్చెళ్లు పెట్టిన చీరలా మడతలు పడి ఉంటుంది. శక్తి తయారయ్యేది ఆ మడతల మీదే. 2017లో యోకిమ్ నీల్సన్ బృందం, ఏళ్ల తరబడి సాధన చేసిన క్రీడాకారుల్లో అంతే చోటులో మడతలు మరింత దట్టంగా ఉంటాయని చూపింది. మొత్తం వల కూడా స్థిరంగా ఉండదు. ముక్కలు ఒకదానితో ఒకటి కలుస్తుంటాయి, విడిపోతుంటాయి. దెబ్బతిన్న ముక్క విడిపోయాక కణం దాన్ని మింగి కరిగించేస్తుంది. సాధన ఈ ఏరివేతనూ చురుకు చేస్తుంది.

వయసు మీరాక కండ మాట వినదన్న అభిప్రాయం బలంగా ఉంది. అమెరికాలోని మేయో క్లినిక్‌లో శ్రీకుమారన్ నాయర్ బృందం 2017లో వెలువరించిన ఫలితాలు దాన్ని కొంత సడలించాయి. తీవ్రత పెంచుతూ తగ్గిస్తూ 12 వారాలు సాధన చేశాక, మైటోకాండ్రియా ఆక్సిజన్ వాడకం సామర్థ్యం యువకుల్లో 49 శాతం పెరిగితే 65 ఏళ్లు దాటినవారిలో 69 శాతం పెరిగింది. వాళ్లు మొదలుపెట్టిన మట్టం తక్కువన్నది నిజమే.

అదే బృందం 2008లో భారతీయుల కండల గురించి చెప్పింది ఇంకా ఆశ్చర్యకరం. మైటోకాండ్రియా కొరతే మధుమేహానికి మూలమన్న వాదన అప్పట్లో ఊపు మీద ఉంది. అమెరికాలో స్థిరపడిన భారతీయులను ఉత్తర ఐరోపా మూలాలున్న అమెరికన్లతో పోల్చి చూస్తే, ఇన్సులిన్‌కు ఒళ్లు సరిగా స్పందించని భారతీయుల కండలోనే ఏటీపీ తయారీ సామర్థ్యం ఎక్కువగా కనిపించింది. మధుమేహం ఉన్నవాళ్లలోనూ అంతే. కాబట్టి మైటోకాండ్రియా పెరిగితే చక్కెర జబ్బు దూరమవుతుందని ఒక్క ముక్కలో చెప్పడం కుదరదు. వ్యాయామం వల్ల రక్తంలో చక్కెర తగ్గడం వాస్తవం. దానికి కండ ముడుచుకున్నప్పుడు కణం అంచుకు చేరి చక్కెరను లోపలికి లాగే ప్రొటీన్ వేరే ఉంది.

బలానికని విటమిన్ మాత్రలు మింగే అలవాటు ఇక్కడ బెడిసికొడుతుంది. 2014లో నార్వేలో గోరన్ పాల్సన్ బృందం యువతీయువకులను రెండు జట్లు చేసి 11 వారాలు సాధన చేయించింది. ఒక జట్టుకు రోజూ విటమిన్ సి వెయ్యి మిల్లీగ్రాములతో పాటు విటమిన్ ఇ, రెండో జట్టుకు ఉత్తుత్తి మాత్ర. దమ్ము రెండు జట్లకూ ఒకేలా పెరిగింది. కండలో ఒక ముఖ్యమైన మైటోకాండ్రియా ప్రొటీన్ మాత్రం ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలోనే పెరిగింది. పరుగులో పుట్టే ఆక్సిజన్ రాడికల్స్ కూడా కబురు మోసేవాటిలో భాగమని, పెద్ద మోతాదు మాత్రలు ఆ కబురును మధ్యలోనే తుంచేస్తాయని దీనికి అర్థం చెబుతారు. రోజూ తినే పండ్లు, కూరల్లో దొరికే మోతాదు సాధారణంగా ఇంతకన్నా చాలా తక్కువ, దానితో ఇబ్బంది లేదు.

సాధన మానేస్తే ఏమవుతుందో హెన్రిక్సన్, రైట్‌మన్ 1977లోనే కొలిచారు. రెండు నెలల సాధనలో ఎంజైమ్‌లు మూడో వంతు దాకా పెరిగాయి, ఒళ్లు వాడగల గరిష్ఠ ఆక్సిజన్ దాదాపు ఐదో వంతు పెరిగింది. మానేశాక సైటోక్రోమ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ రెండు వారాల్లోనే పాత మట్టానికి దిగిపోయింది. ఇంకో ఎంజైమ్‌కు ఆరు వారాలు పట్టింది. ఆ ఆరు వారాల తర్వాత కూడా గరిష్ఠ ఆక్సిజన్ చాలా వరకు పెరిగిన చోటే నిలిచి ఉంది. పండక్కి ఊరెళ్లి పక్షం రోజులు పరుగు మానినవాళ్లకు తిరిగొచ్చాక ఎదురయ్యేది ఇదే. ఊపిరి బాగానే ఆడుతుంది, మెట్లు ఆయాసం లేకుండా ఎక్కుతారు. ఎప్పటి వేగంతో గంటసేపు పరుగెత్తబోతే మాత్రం అరగంటకే కాళ్లు బరువెక్కుతాయి.